ఆగమని రాయని ప్రదక్షిణ

బియ్యం డబ్బా మూత తీసేసరికి లోపల కర్సర్ నిలబడి ఉంది. వేలెడు పొడవు, సన్నగా, నల్లగా, బియ్యంలోకి నిటారుగా దిగి, కనపడుతూ మాయమవుతూ ఉంది. కోమలవల్లి దాన్ని రెండు వేళ్ళతో పైకి తీసి, అంటుకున్న నూక దులిపి, పొయ్యి గట్టు మీద ఉప్పు జాడీ పక్కన నిలబెడుతుంది. తరవాత ఎసట్లో బియ్యం పోస్తుంది.

అది ల్యాప్‌టాప్ లోంచి దిగి రావడం కొత్తేమీ కాదు. రాయడానికి ఏమీ లేనప్పుడు దానికి లోపల తోచదు. మొన్న తమలపాకుల తడిగుడ్డలో దొరికింది. అంతకుముందు తులసి కోటలో, మొక్క పక్కన, తనూ ఒక మొక్కనన్నట్టు నిలబడింది. ఎక్కడ ఉన్నా దాని పని ఒకటే. ఎదురుచూస్తుంది. ఏం రాస్తావు అని అడగదు, తొందరపెట్టదు. అందుకే కోమలికి అదంటే ఇష్టం.

కోమలి ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం గోడౌను వెళ్ళిపోయాక మొదలైంది. వాళ్ళాయన ధాన్యం గోడౌనులో గుమస్తాగా చేసేవారు. కిందటేడు ఆషాఢంలో ఆ గోడౌను గోడలూ రేకులూ సర్దుకుని లేచి, రైలు గేటు తెరిచి ఉన్న సమయం చూసుకుని, పడమటి దిక్కుగా నడిచి వెళ్ళిపోయింది. ఎవరినీ ఒక మాట అనలేదు. ఖాళీ స్థలంలో ఆయన కుర్చీ ఒక్కటీ మిగిలింది. ఆయన ఇప్పటికీ రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంటారు. అది తిరిగొస్తే లోపలికి రమ్మనడానికి ఒక మనిషి ఉండాలి కదా అంటారు.

ఇంట్లో ఎవరో ఒకరికి ఉద్యోగం ఉండాలి. కోమలికి కావలసింది చిన్నదే, జూనియర్ డెవలపర్ అంటారు, ఆ మెట్ల వరసలో అన్నిటికంటే కింది మెట్టు. వంట చేస్తూ వీడియోలు చూసి నేర్చుకుంది. వీడియోలో పాఠం చెప్పే కుర్రాడు మంచివాడు. ప్రతి పాఠం చివరా, రాసిన ప్రోగ్రాంని ఒకసారి రన్ చేసి చూసుకోండి మేడం అంటాడు. రన్ నొక్కితే ప్రోగ్రాం నడుస్తుంది, తప్పుంటే తెలిసిపోతుంది. కోమలి ఆ మాట విని మర్యాదగా నవ్వి, ల్యాప్‌టాప్ మూత వేస్తుంది. వాళ్ళ ఇంటి పద్ధతి అతనికి తెలియదు, పాపం.

వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళు నాలుక మీద పెట్టకూడనివి రెండున్నాయి. స్వామికి ఆరగింపు కాని వంట ఒకటి. కట్టుకున్న ఆయన పేరు రెండోది.

వండేటప్పుడు కోమలి ఉప్పు చూడదు. చేయి వేసినంతే ఉప్పు. పులిహోర కలిపినా, చక్రపొంగలి దించినా, తెర వెనక స్వామి ఆరగించాకే తన నోట్లోకి. అలా చేసినవి ఏనాడూ చెడలేదు. అందుకని ప్రోగ్రాం కూడా అలాగే రాస్తుంది. తలంటుకుని, తడి జుట్టు ముడి వేసుకుని, చేతికి తోచిన లెక్కలో రాసి, మీద ఒక తులసిదళం వేసి, రుచి చూడకుండా ఆఫీసులకి పంపుతుంది.

పంపినవన్నీ తిరిగొస్తాయి. స్టీలు క్యారేజీలో, చల్లారిపోయి, ఒక్క చెంచా తీసుకున్న గుర్తుతో గడప మీద ఉంటాయి. పారబొయ్యడానికి ఆమెకు చెయ్యి రాదు. ఆయన ఏమీ అనకుండా పీట వేసుకుని కూర్చుని, ఆ ప్రోగ్రాములన్నీ తినేస్తారు. కోమలి చిన్నబుచ్చుకోకూడదని, మారు కూడా అడుగుతారు.

ఈ ఉదయం తిరిగొచ్చింది మాత్రం ఆమె మనసు పెట్టి చేసినది. ఒక ఆఫీసు వాళ్ళు పెట్టిన పరీక్ష: ఒక మనిషిని గుండ్రంగా నడిపించండి, ప్రోగ్రాం రాయండి. కోమలికి అది చదవగానే కళ్ళు చెమర్చాయి. ప్రదక్షిణ కంటే తనకి బాగా తెలిసిందేముంది? ఎంతో నియమంగా రాసింది. అయినా తిరిగొచ్చింది. క్యారేజీ మూతకి ఒక చీటీ అంటించి ఉంది. మరోసారి చేసి పెట్టండి, ఈ మధ్యాహ్నం మేమే వస్తాం, ఇదే ఆఖరు అని.

ఆయన అది కూడా తిని, చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళారు. ఇంకా రాలేదు.

కోమలి గంటె పక్కన పెట్టి తలుపు దగ్గరికి వస్తుంది. ఆయన తులసి కోట చుట్టూ తిరుగుతున్నారు. చేతులు జోడించి, అడుగులో అడుగు వేస్తూ. భక్తి గల మనిషి, తిరగనీ అనుకుంటుంది.

"బాగానే ఉంది కోమలీ. కాస్త గట్టిపడిందంతే," అంటూ ఆయన వంటింటి తలుపు దాటి వెళ్ళిపోతారు.

ఆమె పప్పు ఎనిపి మళ్ళీ వచ్చి చూస్తుంది. ఆయన తిరుగుతూనే ఉన్నారు. నేల మీద గాడి పడింది. పాదాలు గాడిలో మునిగాయి. తులసి మొక్క కళ్ళు తిరిగినట్టు ఒక పక్కకి వాలింది.

ఎందుకు ఆగడం లేదని అడిగితే, ఆయన జవాబు చెప్పేలోపే కోట అవతలికి వెళ్ళిపోతారు. మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చాక చెబుతారు.

"ఆగమని నువ్వు రాయలేదుగా."

నింద వెయ్యడం లేదు. కరెంటు పోయిందని చెప్పినట్టు చెబుతున్నారు.

కోమలి పెరట్లోకి దిగి ఆయనకి అడ్డం నిలబడుతుంది. ఆయన ఆమెని కూడా కలుపుకుని కొంచెం పెద్ద చుట్టు తిరుగుతారు. చెయ్యి పట్టుకుంటే చెయ్యి వస్తుంది, కాళ్ళు ఆగవు. మోకాళ్ళ దాకా దిగిపోయారు. మధ్యాహ్నానికి ఆయన తల కూడా కనపడదని ఆమెకు అర్థమవుతుంది. మధ్యాహ్నానికే ఆఫీసు కూడా వస్తుంది. ఆ రెండింటికీ కావలసిన ప్రోగ్రాం ఒకటే.

ఆమె వంటింట్లోకి వచ్చి ల్యాప్‌టాప్ తెరుస్తుంది. కర్సర్ ఉప్పు జాడీ పక్కనుంచి తనంతట తనే నడిచి వచ్చి లోపలికి ఎక్కుతుంది. రాసినదంతా కోమలి పై నుంచి కిందికి చదువుతుంది. ఎక్కడ తప్పుందో చూపుకి అందడం లేదు. చదివితే అంతా మంత్రంలా సాఫీగా ఉంది. వేలు రన్ మీదికి వెళ్ళి ఆగిపోతుంది.

దండెం మీద అత్తగారి మడిచీర కదులుతుంది. అత్తగారు పరమపదించి చాలా కాలమైంది గానీ ఆవిడ మడిచీర ఉద్యోగం మానలేదు. దండెం మీదే ఉండి వంటింటి వ్యవహారాలు చూసుకుంటుంది.

"రుచి చూడబోతున్నావుటే?"

చూడకపోతే ఎక్కడ చెడిందో తెలియదంది కోమలి. ఆ వంటింట్లో అత్తగారు కాపరానికొచ్చిన నాటి నుంచీ చెయ్యి తప్పు పోయిన రోజు లేదనీ, వాసన కూడా పీల్చకుండా వండిన ఇల్లనీ, చీర గుర్తు చేసింది. అది అబద్ధం కాదు. కోమలి తల వంచుకుంది.

"ఎంగిలి చేసి ఎవరికి పెడతావు?"

"ఆఫీసు వాళ్ళకి అత్తయ్యా."

అప్పుడే ఆయన తలుపు దగ్గరికి వచ్చారు. ఇప్పుడు నడుము పైభాగమే కనపడుతోంది.

"ఆఫీసు వాళ్ళు స్వాములా అమ్మా?" అని అడిగి, కోట వెనక్కి వెళ్ళిపోతారు.

ఆయన ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా చీరా కోమలీ ఎదురుచూస్తారు.

"గోడౌనులో గింజ కొరికి చూడకుండా ఏనాడూ బస్తా దింపుకోలేదు. ఎండిందో లేదో పళ్ళకే తెలుస్తుంది."

ఆ మాట చెప్పి మళ్ళీ వెళ్ళిపోయారు. చీర తన అంచు పట్టుకుని మెలిపెడుతుంది. చివరికి తనని తాను మడత పెట్టుకుని, దండెం మీదే అటు తిరిగి, గోడ వైపు మొహం పెట్టుకుంటుంది.

"నేను చూడలేదు," అంటుంది గోడతో.

కోమలి స్వామికి వండిన గిన్నె దూరంగా జరిపి, మూత పెట్టి, మూత మీద చేత్తో ఒత్తి చూసి, వచ్చి రన్ నొక్కుతుంది.

ల్యాప్‌టాప్ అంచు నుంచి చెంచాడు ప్రోగ్రాం ఆమె అరచేతిలోకి జారుతుంది. పాయసంలా ఉంది గానీ ఆవిరి లేదు. కళ్ళు మూసుకుని నోట్లో వేసుకుంటుంది. మొదట తియ్యగానే ఉంది. కాని కరగడం లేదు. నాలుక చుట్టూ ఒకసారి తిరిగి, పళ్ళ వెనక నుంచి వచ్చి, మళ్ళీ అదే దారిన బయలుదేరుతుంది. మింగబోతే మింగుడు పడదు. గొంతు దాకా వచ్చి, ఇంకో చుట్టుకి వెనక్కి మళ్ళుతుంది. పైకి మంత్రంలా సాఫీగా ఉన్నదానికి లోపల చివర అనేదే లేదు. ఎవరికీ చెప్పకుండా ఇన్నాళ్ళూ ఆయన కడుపులో ఇలాంటివే పడి ఉన్నాయని అప్పుడు తెలుస్తుంది. ఆమెకి ఏడుపొస్తుంది. అది కూడా నోట్లోనే తిరుగుతుంది.

ఎలాగో చేతిలోకి తీసి, నోరు పుక్కిలించి, కూర్చుంటుంది. ఎప్పుడాగాలి? అలసినప్పుడు అని రాస్తే ఆయన అలసినట్టు ఒప్పుకునే రకం కాదు. ఆకలేసినప్పుడు అంటే, తను పెట్టింది తిని ఆకలి లేదనే అంటారు. ఆలోచించి రాస్తుంది: ఏమండీ అని పిలిస్తే ఆగాలి.

రన్ నొక్కి నాలుక మీద వేసుకుంటుంది. ఒక్క చుట్టు తిరిగింది. ఏమండీ అని మెల్లగా అనుకోగానే వెన్నలా కరిగిపోయింది. ఆమె గిన్నెలోకి తీసుకుని పెరట్లోకి పరుగెడుతుంది. ఆయన భుజాల దాకా దిగిపోయారు. గాడి అంచున మోకాళ్ళ మీద కూర్చుని, చుట్టుకొక ముద్ద నోటికి అందిస్తుంది. ఆయన నడుస్తూనే బుద్ధిగా తింటారు.

గిన్నె ఖాళీ అయ్యాక కోమలి లేచి నిలబడి పిలుస్తుంది.

"ఏమండీ."

ఆయన ఆగుతారు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగుతారు. కోమలి ఊపిరి వదులుతుంది. అప్పుడు గమనిస్తుంది, వీధిలో చప్పుడు లేదు.

వీధి తలుపు తీసి చూస్తే, పాలాయన సైకిలు మీద కదలకుండా ఉన్నాడు. సైకిలూ పడలేదు. ఎదురింటి మేస్టారు చొక్కాలోకి ఒక చెయ్యి దూర్చి ఆగిపోయారు. మలుపు దగ్గర ఆటో, ఆటోలో డ్రైవరు, అతని నోట్లో సగం విజిలు. అవతల గూడ్సు బండి రైలు గేటు మీదే నిలబడిపోయింది. దాని డ్రైవరు కూడా ఒకావిడకి ఏమండీయే. వీధిలో ఆడవాళ్ళంతా ఒక్కొక్కరే గడపల్లోకి వచ్చి, నోరు మెదపకుండా కోమలి వైపు చూస్తున్నారు.

పక్కింటి లలితాంబ పిట్టగోడ మీదుగా తొంగి చూస్తుంది. "మా ఆయన మజ్జిగ తాగుతూ ఆగిపోయాడు కోమలీ. మింగడం లేదు, ఉమ్మడం లేదు. నీ వంటేనా?"

కోమలి అవునంటుంది.

"నెమ్మదిగానే కానియ్యి. ఇవాళే కాస్త నోరు మూసుకుని ఉన్నాడు," అని లలితాంబ తల వెనక్కి తీసుకుంటుంది. మళ్ళీ పైకెత్తి, "మరీ ఆలస్యం చెయ్యకు. మజ్జిగ పులుస్తుంది," అంటుంది.

అదే సమయానికి వీధి మొదట్లో ఆఫీసు కూడా ఆగిపోయి ఉంది. నాలుగంతస్తులు, నిండా అద్దాలు. పడమటి నుంచి నడిచి వచ్చింది. ఒక కాలు గాలిలో, ఒక కాలు మురిక్కాలవ ఇవతల. లోపల ఏమండీలు చాలామందే ఉన్నట్టున్నారు. అద్దాల వెనక వాళ్ళంతా కాఫీ కప్పులు పట్టుకుని బొమ్మల్లా నిలబడిపోయారు.

కోమలి వంటింట్లోకి వెనక్కి వస్తుంది. తప్పు తెలుస్తూనే ఉంది. ఊరంతటినీ పిలిచే పిలుపుతో తన మనిషిని పిలిచింది. ఇన్నేళ్ళూ ఆయన తిరిగి చూస్తూనే ఉన్నారు గనక అది ఆయన పేరే అనుకుంది.

చీర గోడ వైపే ఉంది. కోమలి దాని వీపు కేసి చూసి, వినబడేలా అడుగుతుంది. "ఆయనకి పేరు పెట్టేటప్పుడు మీరు దాన్ని బియ్యంలో రాయించి, చెవిలో మూడుసార్లు చెప్పారు కదా అత్తయ్యా. పిలవడానికే కదా చెప్పారు?"

చీర గోడతోనే, "చెవులు కూడా లేవు నాకు," అంటుంది. గొంతులో కోపం లేదు.

కర్సర్ ఆరుతూ వెలుగుతూ ఉంది. కోమలి ఏమండీ అన్న చోట చెరిపేసి, ఆయన పేరు రాస్తుంది. ఒక్కొక్క అక్షరం, తలుపు తట్టినట్టు. రన్ నొక్కి నోట్లో వేసుకుంటుంది. అది నాలుక మీదికి వచ్చి, నాలుక చుట్టూ ఒకసారి తిరిగి, నడుమ ఆగుతుంది. పళ్ళ మధ్యకి తీసుకుని మెల్లగా కొరుకుతుంది. టక్కుమంటుంది. బాగా ఎండిన గింజ. నిలవ ఉంటుంది.

పెరట్లో ఆయన నోటికి అందించి, గాడి అంచున కూర్చుని, ఆయన చెవి దగ్గరగా వంగి చెబుతుంది.

"యతిరాజు గారూ."

వీధిలో సైకిలు బెల్లు మోగుతుంది. పక్కింట్లోంచి మజ్జిగ మింగిన చప్పుడు వస్తుంది. గూడ్సు బండి కదులుతుంది. గాడిలో మాత్రం యతిరాజు రెండు పాదాలూ నేలకి ఆనించి, ఆగి నిలబడి, తల పైకెత్తి ఆమెను చూస్తారు. ఎవరో చాలా దూరం నుంచి వచ్చి తలుపు కొడితే తెరిచిన మనిషిలా చూస్తారు.

"ఇంకోసారి అను," అంటారు.

ఆమె ఇంకోసారి అనేసి, సిగ్గుపడి, చెయ్యి అందిస్తుంది. ఆయన పైకెక్కి వచ్చి పంచెకి అంటిన మట్టి దులుపుకుంటారు.

ఆఫీసు గాలిలో ఉన్న కాలు దించి, ఇంకో రెండు అడుగులు వేసి, వాళ్ళ గడప ముందు వంగుతుంది. కింది అంతస్తు కిటికీలోంచి కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ తొంగి చూసి, నమస్కారం చెప్పి, ప్రోగ్రాం ఏదీ అంటుంది. కోమలి గిన్నె పట్టుకెళ్ళి ఇస్తుంది. ఇచ్చాక చెయ్యి మాత్రం గిన్నెని వదలదు.

"ఇది ఎంగిలి అండీ. రుచి చూశాను. మొదటిది చూడకుండా పంపాను, తిరగడం ఆగలేదు. రెండోది చూసినా పిలుపు తప్పు పడి, వీధి వీధంతా ఆగిపోయింది."

"మేమూ ఆగాం. కాలు పీకుతోంది," అంటుంది ఆవిడ. "పోనీయండి. చూడకుండా పెట్టేవాళ్ళవే తిని తిని మా వాళ్ళలో సగం మంది ఇంకా తిరుగుతున్నారు." ఆమె వెనక, అద్దాల లోపల, నిజంగానే కొందరు బల్లల చుట్టూ తిరుగుతున్నారు. నేల మోకాళ్ళ దాకా అరిగిపోయింది.

ఆవిడ చెంచా ముంచబోతుంటే కోమలి ఆపుతుంది. "తినే ముందు మీ పేరు చెప్పాలండీ. లేకపోతే మిమ్మల్ని ఆపలేను."

ఆవిడ చెంచా దించి ఆలోచనలో పడుతుంది. ఆ కిటికీలో కూర్చున్నాక తన పేరు ఎవరూ అడగలేదంటుంది. గుర్తు చేసుకోవడానికి కాస్త సమయం పడుతుంది. హేమనళిని అని చెబుతుంది. కోమలి లోపలికి వెళ్ళి, ఆయన పేరున్న చోట ఆ పేరు రాసి, కొరికి చూసి, కొత్తగా చెంచాడు తెచ్చిస్తుంది. ఆవిడ తిని, లేచి, గది చుట్టూ ఒక్క ప్రదక్షిణ చేస్తుంది. కోమలి పేరు పెట్టి పిలవగానే కిటికీ దగ్గర ఆగుతుంది. ఆగిన చోట నిలబడి, చాలా రోజుల తరవాత ఆగినట్టు, రెండు చేతులూ కిటికీ మీద ఆనించి ఊపిరి తీసుకుంటుంది.

"రేపటి నుంచి రండి," అంటుంది. "దూరమేమీ లేదు, ఇక్కడే కూర్చుంటాం."

ఆఫీసు లేచి వెళ్ళి, గోడౌను ఖాళీ చేసిన స్థలంలో, యతిరాజు కుర్చీ వెనక, ఒబ్బిడిగా కూర్చుంటుంది. ఆయన చొక్కా వేసుకుని పరుగులాంటి నడకతో బయలుదేరతారు. లోపలికి రమ్మనడానికి మనిషి ఉండాలి కదా.

ఇల్లు నిశ్శబ్దమవుతుంది. ఆరగింపు వేళ దాటిపోతోంది.

కోమలి మూత పెట్టిన గిన్నె కేసి చూస్తుంది. అది ఎంగిలి పడలేదు. తన నోరే పడింది. పుక్కిలించిన నోటితో మళ్ళీ పుక్కిలిస్తుంది. ఆ పేరు మాత్రం నాలుక మీద అలాగే ఉంది, పోలేదు. పోవాలని ఆమెకీ లేదు. గిన్నె ఎత్తుకుని, స్వామి గది గడప దాటి, దించుతుంది. తలెత్తి చూస్తే కర్సర్ అక్కడ ఉంది. స్వామి నుదుటి మీద, తిరునామం తెల్లగీతల నడుమ, ఎర్రగీత ఉండవలసిన చోట నిటారుగా నిలబడి, కనపడుతూ మాయమవుతూ ఉంది. తీసెయ్యడానికి ఆమెకు మనసొప్పదు.

ఒక తులసిదళం వేసి, తెర లాగే ముందు, ఎప్పుడూ అడగనిది అడుగుతుంది. "స్వామీ, మీకు పెట్టేది నేను రుచి చూడను. మీరు మాత్రం మమ్మల్ని రుచి చూసే పంపించారా?"

ఆమె తెర లాగి, ఇవతల కూర్చుని, గంట ఒళ్ళో పెట్టుకుంటుంది.

తెర వెనక నమలడం వినపడుతుంది. నెమ్మదిగా, శ్రద్ధగా, గింజ గింజా విడదీసి చూసుకుంటున్నట్టు. ఉన్నట్టుండి ఆగుతుంది. వంటింట్లో పొయ్యి గట్టు మీద ఉప్పు జాడీ మూత, ఎవరూ లేని చోట, పక్కకి జరిగిన చప్పుడవుతుంది.

కిటికీలోంచి కోమలి చూస్తుంది. నిర్మలంగా ఉన్న ఆకాశంలోంచి వీధి మీద ఉప్పు పడుతోంది. సన్నగా, మెత్తగా, ఇళ్ళ కప్పుల మీద, పాలాయన టోపీ మీద, గూడ్సు బండి పెట్టెల మీద పడుతోంది. పెరట్లో ఆయన నడిచిన గాడి తెల్లగా నిండుతోంది. దండెం మీద చీర ఇటు తిరిగి, కొంగు చాపి పడుతోంది. లలితాంబ గడపలో నిలబడి నాలుక చాపింది. పక్కనే ఆమె భర్త కూడా. ఆఫీసు కిటికీలన్నీ తెరుచుకుని, అన్నింటిలోంచీ నాలుకలు. వాటి ముందు, కుర్చీలో, యతిరాజు తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, నోరు తెరిచి కూర్చున్నారు.

కోమలి కూడా తెర ఇవతల నోరు తెరుస్తుంది. ఊరంతా కదలకుండా ఉంది.

తెర వెనక నమలడం మళ్ళీ మొదలవుతుంది.